పిన్ను నలభై మీదే ఉంది, చేతికి తగిలే బరువు వేరు

(తిరుపతిలో జిమ్ ట్రైనర్లకూ, జిమ్ నడిపేవాళ్ళకూ జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీ జిమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు మొదటి వారంలోనే వచ్చి ఈ మాట అంటాడు: "అన్నా, ఆ జిమ్ములో లాట్ పుల్‌డౌన్ అరవై కేజీలు లాగతా ఉంటి. ఈడ నలభై పెడితేనే కదలడంలేదే!" (లాట్ పుల్‌డౌన్ అంటే తలపైనున్న కడ్డీని కేబుల్‌తో కిందికి లాగే మిషన్.) దానికి మన దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, "గ్యాప్ ఇచ్చుంటావు, బలం తగ్గింటాది." రెండోది, "మాది ఒరిజినల్ మిషన్ అబ్బా, వాళ్ళది డూప్లికేట్." రెండూ తప్పే. కుర్రాడి బలం ఎక్కడికీ పోలేదు. రెండు మిషన్లూ సరిగ్గానే పనిచేస్తూ ఉండొచ్చు.

ప్లేటు మీద వేసిన అంకె, ఆ ప్లేటుకు పిన్ను గుచ్చితే స్టాక్‌లో, అంటే మిషన్ వెనక పేర్చిన ఇనుప ప్లేట్ల దొంతరలో, ఎంత ఇనుము లేస్తుందో చెబుతుంది. అంతవరకే. ఆ ఇనుముకూ మన చేతికీ మధ్య పుల్లీలున్నాయి, క్యామ్ (గుండ్రంగా లేని చక్రం) ఉంది, లీవర్ ఉంది, కొన్నింట్లో వాలు ఉంది, అన్నింట్లోనూ రాపిడి ఉంది. చేతికి ఎంత తగలాలో తేల్చేది ఇవి. కాబట్టి ఈరోజు ప్లేట్ల గురించి తక్కువ, వాటి వెనకున్న సామాను గురించి ఎక్కువ మాట్లాడుకుందాం.

ముందు పుల్లీ. పుల్లీ అంటే మన గిలకే. చేదబావి గిలకను గుర్తు తెచ్చుకోండి. గిలక పైన దూలానికి బిగించి ఉంటుంది. పది కిలోల బిందెను చేదాలంటే చేతికి పది కిలోలూ తగులుతాయి. గిలక బరువును తగ్గించలేదు, పైకి లాగాల్సిన తాడును కిందికి లాగేటట్టు దారి మార్చింది, అంతే. స్థిరంగా ఉన్న గిలకలు పది పెట్టినా ఇంతే. జిమ్‌లో కేబుల్ ఎన్ని పుల్లీల మీద తిరిగొచ్చిందన్నది లెక్కలోకి రాదు. వాటిలో కదిలే పుల్లీ ఏదైనా ఉందా అన్నదే లెక్క.

కదిలే పుల్లీ ఎక్కడుంటుంది? మిషన్ వెనక్కి వెళ్ళి స్టాక్ తల చూడండి. కేబుల్ కొసను తెచ్చి పై ప్లేటుకు నేరుగా బోల్టు చేసి ఉంటే, అది ఒకటికి ఒకటి. నలభై పెడితే నలభై. అలాకాకుండా పై ప్లేటు మీద ఒక పుల్లీ కూర్చుని, కేబుల్ దాని కిందుగా తిరిగి మళ్ళీ పైకి పోయి ఫ్రేమ్‌కు కట్టి ఉంటే, అక్కడ స్టాక్‌ను మోసేది రెండు పోగులు. ఒక పోగు ఫ్రేమ్‌కు, ఒక పోగు మన చేతికి. సగం బరువు ఫ్రేమ్ మోస్తోంది, మనకు మిగిలింది సగం. ఇది రెండుకు ఒకటి. అరవై పెడితే ముప్పై. ఆ కుర్రాడు "అరవై" అన్నది ఇదయ్యే అవకాశం ఎక్కువ. రెండు పక్కలా రెండు స్టాకులుండే ఫంక్షనల్ ట్రైనర్లు చాలావరకు ఇలాగే వస్తాయి.

వెనక కవర్ బిగించేసి ఏమీ కనిపించకపోతే దర్జీ టేపు చాలు. హ్యాండిల్‌ను సరిగ్గా 60 సెంటీమీటర్లు లాగండి. స్టాక్ ఎంత లేచిందో ఇంకొకరిని కొలవమనండి. 60 లేస్తే ఒకటికి ఒకటి. 30 లేస్తే రెండుకు ఒకటి. బరువులో దొరికిన లాభాన్ని దూరంలో కట్టేయాల్సిందే, ఏ మిషనూ ఊరికే ఇవ్వదు. క్యామ్ ఉన్న మిషన్లలో మాత్రం ఈ లెక్క లాగుడు పొడవునా మారుతుంది కాబట్టి పది పది సెంటీమీటర్లుగా కొలవాలి.

ఒకే స్టాక్‌కు రెండు హ్యాండిళ్ళు ఉండే మిషన్ దగ్గర ఎప్పుడూ గందరగోళమే. ఒక చేత్తో లాగితే స్టాక్ సగం దూరమే లేస్తుంది, చేతికి సగం బరువే. రెండు చేతులతో కలిసి లాగితే స్టాక్ పూర్తి దూరం లేస్తుంది, కానీ ఒక్కో చేతికి తగిలేది అప్పుడూ సగమే. "ఒక చేత్తో ముప్పై, రెండు చేతులకు అరవై పెట్టాలి కదా" అని పిన్ను మార్చేవాళ్ళను చూస్తుంటాం. మార్చనక్కర్లేదు, రెండిటికీ పిన్ను ఒకటే.

ఇక్కడ ట్రైనర్లు చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఒకటికి ఒకటి మిషన్‌లో నలభై, రెండుకు ఒకటి మిషన్‌లో ఎనభై. నిదానంగా లాగితే రెండూ చేతికి నలభైలాగే తగులుతాయి. వేగంగా లాగి చూడండి, ఒకేలా ఉండవు. ఆగి ఉన్న ఇనుమును కదిలించాలంటే దాని బరువుకు తోడు జడత్వాన్ని కూడా జయించాలి. రెండుకు ఒకటి మిషన్‌లో స్టాక్ మన చేతికన్నా సగం వేగంతోనే కదులుతుంది, ఆ కదలికకు కావాల్సిన బలం కూడా పుల్లీ దగ్గర మళ్ళీ సగమై మనకు అందుతుంది. లెక్క కడితే, అదే నలభై కిలోల చేతి బరువుకు జడత్వం సగానికి పడిపోతుంది. అందుకే ఆ మిషన్ తేలిగ్గా, జారినట్టుగా అనిపిస్తుంది. బంతి విసిరినట్టు, బ్యాట్ తిప్పినట్టు చేసే వేగమైన కదలికలకు అది నప్పుతుంది. ఒకటికి ఒకటి స్టాక్‌ను అలా గుంజితే, మొదట చేతికి నలభై బదులు యాభై, అరవై తగులుతుంది. తర్వాత స్టాక్ ఊపుమీద తనంతట తానే లేస్తుంది, కేబుల్ వదులవుతుంది, ఆ క్షణంలో చేతికి దాదాపు ఏమీ ఉండదు. ఆపైన దబ్బున పడుతుంది. జిమ్‌లో ప్లేట్లు ఠంగుఠంగుమన్న ప్రతిసారీ కండకు పని అందని అర సెకను ఒకటి గడిచిందనే అర్థం. గాలి ఒత్తిడితో నడిచే మిషన్లలో ఇనుమే ఉండదు కాబట్టి ఈ గొడవ చాలా తక్కువ. మన ఊళ్ళలో అవి అరుదు, వదిలేద్దాం.

ఇప్పుడు వాలు. లెగ్ ప్రెస్, అంటే సీటు మీద పడుకుని, ప్లేట్లు వేసిన బండిని కాళ్ళతో వాలు పట్టాల మీద పైకి తోసే మిషన్. అలిపిరి నుంచి నడిచి కొండెక్కిన వాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. గాలిగోపురం దాటాక చాలా దూరం పెద్దగా ఆయాసం లేకుండా నడిచేస్తారు. మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చేసరికి మెట్లు నిటారుగా లేస్తాయి, ఒక్కో మెట్టుకూ తొడలు మండుతాయి. మోసే ఒళ్ళు అదే, మారింది వాలు. లెగ్ ప్రెస్ పట్టాలు 45 డిగ్రీల వాలులో ఉంటే, బరువులో నూటికి 71 వంతులే కాళ్ళ మీదికి వస్తుంది. మిగతాది పట్టాలు మోస్తాయి. 30 డిగ్రీలైతే సరిగ్గా సగం.

కానీ కుర్రవాళ్ళు ప్లేట్లే లెక్కపెడతారు, బండిని మరిచిపోతారు. ఆ కదిలే బండికే సొంత బరువు ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది. 40 కిలోల బండి అనుకోండి. దానిమీద 100 కిలోల ప్లేట్లు వేస్తే మొత్తం 140. అందులో 71 వంతులంటే 99 కిలోలు. అంటే వాలు తగ్గించినదాన్ని బండి తిరిగి తెచ్చి పెట్టేసింది. ప్లేట్లు 200 అయితే మొత్తం 240, కాళ్ళకు 170. కాబట్టి "వాలు కదా, ఎప్పుడూ ముప్పై శాతం తక్కువ" అన్న లెక్క కూడా తప్పే. బండి బరువు తెలిస్తేనే లెక్క తేలుతుంది. ఇంకొకటి, స్క్వాట్‌లో మనిషి తన ఒంటిని కూడా లేపుతాడు, లెగ్ ప్రెస్‌లో ఒళ్ళు సీటు మీద పడుకుని ఉంటుంది. రెండు వందలు ప్రెస్ చేసేవాడు వంద స్క్వాట్ చేయలేకపోతే అందులో వింతేమీ లేదు.

బార్ నిలువు పట్టాల్లోనే కదిలే స్మిత్ మిషన్ గురించి ఒక్క మాట. ఒలింపిక్ బార్ 20 కిలోలు అని అలవాటుగా స్మిత్ బార్‌కు కూడా 20 రాసుకుంటారు. చాలా స్మిత్ మిషన్లలో లోపల ఎదురు బరువు ఉంటుంది, బార్ చేతికి పది కిలోల లోపే తగలొచ్చు. తూచి గోడమీద రాయండి.

చేతికి తగిలే బరువు లాగుడు మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా ఉండే మిషన్లకు వద్దాం. తిరగలి తెలుసు కదా. పిడి అంచున ఉంటే తేలిగ్గా తిరుగుతుంది, నడిమి మేకుకు దగ్గరగా పెడితే తిరగనంటుంది. ఇరుసు నుంచి ఎంత దూరంలో పట్టుకున్నామన్నదే అక్కడ సంగతి. క్యామ్ అంటే ఆ దూరాన్ని తిరుగుతున్నకొద్దీ మార్చే చక్రం. గుండ్రంగా ఉండదు, నత్తగుల్లలాగా ఒకవైపు ఉబ్బి ఉంటుంది. 1970లో అమెరికాలో ఆర్థర్ జోన్స్ ఈ ఆకారం క్యామ్‌తో మిషన్లు అమ్మకానికి తెచ్చినప్పుడు కంపెనీ పేరే ఆ సముద్రపు గుల్ల పేరు అయింది, నాటిలస్ అని.

బైసెప్ కర్ల్ మిషన్ తీసుకోండి. పిన్ను 40 మీద ఉంది. కేబుల్ ఇరుసు నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో లాగుతోంది, పిడి ఇరుసు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది. నలభైని పదితో హెచ్చించి ముప్పైతో భాగిస్తే చేతికి 13 కిలోలు. చెయ్యి మడుచుకుంటూ సగానికి వచ్చేసరికి క్యామ్ ఉబ్బు ముందుకు తిరిగి ఆ దూరం 15 సెంటీమీటర్లయింది. ఇప్పుడు చేతికి 20 కిలోలు. పిన్ను కదల్లేదు, చేతి బరువు ఒకటిన్నర రెట్లయింది. ఎందుకిలా చేశారంటే, మోచెయ్యి సుమారు 90 డిగ్రీలు మడిచినప్పుడు బలంగా ఉంటుంది, పూర్తిగా చాచినప్పుడూ పూర్తిగా మడిచినప్పుడూ బలహీనం. ఆ బలానికి తగ్గట్టు బరువు పెరిగి తగ్గాలన్నది ఉద్దేశం. క్యామ్ ఆకారం ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. ఒకే 40తో ఒకచోట మొదట్లో కష్టం, ఇంకోచోట చివర్లో కష్టం అనిపించడానికి కారణం ఇదే.

క్యామ్ లేని మిషన్ తప్పుగా ఎలా పనిచేస్తుందో చూడాలంటే, ఇంట్లో వాడే బెంచ్‌కు ముందు తగిలించే లెగ్ ఎక్స్‌టెన్షన్ చూడండి. కడ్డీ చివర ప్లేట్లు గుచ్చుతారు. కాలు కిందికి వేలాడుతున్నప్పుడు ప్లేట్లు ఇరుసుకు సరిగ్గా కింద ఉంటాయి, బరువు సున్నా. కాలు చాచి నేలకు సమాంతరంగా వచ్చినప్పుడు బరువు పూర్తిగా తగులుతుంది. మోకాలి బలం దీనికి తలకిందులు. మోకాలు అరవై డెబ్భై డిగ్రీలు వంగి ఉన్నప్పుడు తొడ ముందు కండ బాగా బలంగా ఉంటుంది, కాలు పూర్తిగా చాచేకొద్దీ తగ్గుతుంది. బలం ఉన్నచోట బరువు లేదు, బలం లేనిచోట బరువంతా ఉంది. ఆ చివరి కొంచెం చాచలేక జనం నడుమెత్తి గుంజుతారు. తప్పు వాళ్ళది కాదు, మిషన్ అలా ఉంది.

ప్లేట్లు గుచ్చే పెద్ద లీవర్ మిషన్లు కూడా ఈ కుటుంబమే. పాతకాలపు ఏతం లాంటివి. ఏతం మాను మీద నిలబడే మనిషి కొసకు పోయేకొద్దీ బరువు ఎలా పెరుగుతుందో, ప్లేటు గుచ్చే కొమ్ము ఇరుసుకు ఎంత దూరంగా ఉంటే అంత బరువు. కొమ్ము ఉన్న చెయ్యి నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు పూర్తి బరువు, పైకి లేచి నిలువయ్యేకొద్దీ తగ్గుతూ పోతుంది. చెస్ట్ ప్రెస్‌లో చేతులు చాచాక చివర్లో తేలికవుతుంటే, ఆ కొమ్ము ఎక్కడుందో ఒకసారి తలెత్తి చూడండి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కంపెనీవాళ్ళు కావాలని పెట్టినవి. రాపిడి అలా కాదు, మనం పట్టించుకోక తెచ్చుకునేది. మన చేతిలో ఉన్నది కూడా ఇదొక్కటే కాబట్టి దీనిమీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను.

రాపిడి ఎప్పుడూ కదలికకు ఎదురుంటుంది. లేపేటప్పుడు బరువుకు తోడై మనకు ఎదురు నిలుస్తుంది. దించేటప్పుడు బరువును పట్టి ఆపి మనకు సాయం చేస్తుంది. మన కండ స్వభావం దీనికి సరిపడదు. కండ లేపగలిగినదానికన్నా ఎక్కువ బరువును దించగలదు. దించేటప్పుడు చేసే పని కండకు చాలా ముఖ్యం. రాపిడి ఎక్కువైన మిషన్‌లో లేపేటప్పుడు ప్రాణం పోతుంది, దించేటప్పుడు బరువే ఉండదు. మెంబర్ అయితే "ఈ మిషన్ టైటుగా ఉంది, బాగా పడుతుంది" అని మెచ్చుకుంటాడు కూడా. అతనికి సగం వ్యాయామం అందడం లేదు.

కొలవడం ఎలా? బజార్లో దొరికే డిజిటల్ కొక్కెం కాటా కొనండి, 50 కిలోల వరకు తూచేది. హ్యాండిల్ తీసేసి కేబుల్ కొసకు కొక్కెం తగిలించండి. పిన్ను మధ్య బరువు దగ్గర పెట్టండి. కాటాను కేబుల్ వచ్చే దిక్కులోనే, ఒకే నిదానమైన వేగంతో లాగండి. కదలడం మొదలైన క్షణంలో అంకె చూడొద్దు, అది ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. లాగుడు మధ్యలో ఉన్నప్పుడు చదవండి. అదే నిదానంతో వదులుతూ మళ్ళీ మధ్యలో చదవండి. మూడుసార్లు చేయండి. పిన్ను 60 మీద ఉంది, లాగేటప్పుడు 34, వదిలేటప్పుడు 26 చూపించిందనుకోండి. రెండూ కలిపి సగం చేస్తే 30. అదీ ఆ మిషన్ అసలు చేతి బరువు, అంటే రెండుకు ఒకటి మిషన్. తేడాలో సగం, 4 కిలోలు, రాపిడి. అసలు బరువులో పదో వంతు దాటిందంటే ఆ మిషన్‌ను విప్పి చూడాల్సిందే అని నేను గట్టిగా అంటాను. ఇక్కడ 30కి 4, దాటింది.

ఎక్కడ పట్టేస్తోందో విప్పకముందే తెలుసుకోవచ్చు. తక్కువ బరువు మీద ఒకసారి, ఎక్కువ బరువు మీద ఒకసారి కొలవండి. బరువు పెరిగినకొద్దీ రాపిడి కూడా పెరుగుతుంటే తప్పు పుల్లీల్లోనో కేబుల్ దారిలోనో ఉంది. బేరింగులు పోయి ఉంటాయి, లేదా కేబుల్ ఎక్కడైనా ఫ్రేమ్‌ను ఒరుసుకుంటూ ఉంటుంది. ఒక్కో పుల్లీ దగ్గర నూటికి రెండు మూడు వంతులు పోయినా, ఐదు పుల్లీలు దాటేసరికి పది పదిహేను వంతులు అవుతుంది. అలాకాకుండా ఏ బరువు మీదైనా రాపిడి ఒకేలా ఉంటే, గైడ్ రాడ్లు, అంటే స్టాక్ జారే నిలువు కడ్డీలు చూడండి, లేదా బోల్టు మరీ బిగించి పుల్లీని రెండు పక్కలా నొక్కేశారేమో చూడండి.

గైడ్ రాడ్ల దగ్గర మన ఊళ్ళల్లో జరిగే పొరపాటు ఒకటే. గీరుమని శబ్దం వస్తే గ్రీజు పూస్తారు, లేదంటే బండిలో పోసే ఇంజనాయిలు. రెండు రోజులు బ్రహ్మాండంగా జారుతుంది. తలుపులు తెరిచి ఉంటే రోడ్డు దుమ్ము, చేతులకు రాసుకునే సుద్దపొడి వచ్చి ఆ జిడ్డుకు అంటుకుని నల్లటి ముద్ద అవుతుంది. నెల తిరిగేసరికి మునుపటికన్నా ఎక్కువ పట్టేస్తుంది, ప్లేట్లలోని ప్లాస్టిక్ బుష్‌లను కూడా అరగదీస్తుంది. చేయాల్సింది ఇది: పాత జిడ్డంతా గుడ్డతో పూర్తిగా తుడవండి. సిలికాన్ స్ప్రేను పొడిగుడ్డ మీద కొట్టుకుని, ఆ గుడ్డతో రాడ్డును పైనుంచి కిందికి పల్చగా తుడవండి. చేత్తో ముట్టుకుంటే తడి తెలియకూడదు. వారానికి ఒకసారి చాలు. కేబుల్‌కూ పుల్లీ గాడికీ ఏమీ రాయొద్దు.

ఇంత చేసినా పట్టేస్తుంటే రసమట్టం తెచ్చి నేల చూడండి. మిషన్ ఒక పక్కకు ఒరిగి ఉంటే రాడ్లు నిలువుగా నిలబడవు, స్టాక్ మొత్తం ఒక పక్క రాడ్డును ఆనుకుని జారుతుంది. కింద రబ్బరు ముక్క పెట్టి సరిచేస్తే మిషన్ కొత్తదైనట్టు ఉంటుంది.

కేబుల్ బిగువు కూడా చూడండి. వదులుగా ఉంటే మొదటి రెండు అంగుళాలు చేతికి ఏమీ తగలదు, ఆ తర్వాత ఒక్కసారి గుద్దుతుంది. మరీ బిగువుగా ఉంటే పై ప్లేటు కింది ప్లేటు మీద కూర్చోకుండా కొంచెం తేలుతుంది, రంధ్రాలు కలవవు, పిన్ను దూరదు. అప్పుడు పిన్నును తట్టి తట్టి సగం దూర్చి వదిలేస్తారు. సగం దూరిన పిన్ను లాగుడు మధ్యలో ఊడొస్తే స్టాక్ అంతా పడిపోతుంది. పిన్ను పోయిందని స్క్రూడ్రైవరో మేకో పెట్టే అలవాటు ఉన్న జిమ్‌లు ఈరోజే ఆపేయాలి. కేబుల్ మీది ప్లాస్టిక్ తొడుగు పగిలి, ముఖ్యంగా కొసల దగ్గర, లోపలి ఉక్కు తీగ కనబడితే టేపు చుట్టొద్దు. పిన్ను తీసి దాచేసి, కొత్త కేబుల్ వచ్చేదాకా మిషన్‌ను ఎవరూ ముట్టకుండా చూడండి.

ఒక ప్రశ్న రాసి పంపారు. లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో కాలి ప్యాడ్ పైకి జరిపితే బరువు పెరుగుతుందా, తగ్గుతుందా అని. మంచి ప్రశ్న. ప్యాడ్ పైకి, అంటే మోకాలికి దగ్గరగా జరిపితే ఎముక మీద ఒత్తుడు పెరుగుతుంది, నొప్పిగా ఉంటుంది. కానీ తొడ కండ చేయాల్సిన పని మారదు, ఎందుకంటే మోకాలి చుట్టూ మిషన్ తిప్పే బలం అదే. ఇది నిజం కావాలంటే ఒక షరతు ఉంది. మిషన్ ఇరుసు, మోకాలి కీలు ఒకే వరసలో ఉండాలి. సీటు వెనుక భాగం ముందుకో వెనక్కో ఉండి కీలు తప్పితే, కాలు లేస్తున్నకొద్దీ ప్యాడ్ చర్మం మీద జారుతుంది. ప్యాడ్ జారుతోందంటే సీటు తప్పుగా ఉందనే గుర్తు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఇరుసు బోల్టునూ మోకాలి పక్క బుడిపెనూ ఒక చూపులో కలిపి చూసి సర్దండి. ఆ సీటు రంధ్రం నంబరు రాసుకోండి.

ఇంకో ప్రశ్న, మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయినవాళ్ళ గురించి. ఫిజియోథెరపిస్టు "పది కేజీలతో చేయి" అని పంపితే మన మిషన్‌లో పది మీద పిన్ను పెట్టడం సరైనదేనా? కాదు. వాళ్ళ దగ్గరి మిషన్‌లో పది వేరు, మీ దగ్గర పది వేరు. కొన్ని స్టాకుల మీద కిలోలే ఉండవు, పౌండ్లు ఉంటాయి. 10 పౌండ్లంటే నాలుగున్నర కిలోలే. కొన్నింటి మీద ఒకటి, రెండు, మూడు అని వరస నంబర్లు మాత్రమే ఉంటాయి. ఇంకొన్నింట్లో పిన్ను పెట్టకముందే పై ప్లేటూ దాని కడ్డీ కలిసి ఐదారు కిలోలు ఉంటాయి. అందుకని, మీ మిషన్‌ను కొక్కెం కాటాతో తూచి, ఒక్కో పిన్నుకు లాగేటప్పుడు ఎంత, వదిలేటప్పుడు ఎంత అని కాగితం మీద రాసి ఆ మనిషి చేతికివ్వండి. ప్యాడ్ ఇరుసుకు ఎన్ని సెంటీమీటర్ల దూరంలో పెట్టారో కూడా రాయండి. ఫిజియోథెరపిస్టు అది చూసి ఏ పిన్నో చెబుతారు. అది తేలేదాకా పిన్ను లేకుండా, పై ప్లేటు ఒక్కదానితోనే కదిలించమనండి. మోకాలు వాచినా, నొప్పి మర్నాటిదాకా ఉన్నా అదీ ఆపమనండి.